గ్యాస్ కొలిమి నడుమ మండిపోతూ అంచుల్లో చల్లగా ఉంటే ఎలా సరిచేసుకోవాలి

నేను మొదటి గ్యాస్ కొలిమి చేసుకున్నప్పుడు పాత సామాన్ల షాపులో దొరికిన 10 ఇంచుల ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) పైపు ముక్క తెచ్చి, లోపల వేడిని ఆపే సిరామిక్ ఊల్ రెండు పొరలు చుట్టి, దాని మీద క్యాస్టబుల్ (వేడి తట్టుకునే సిమెంటు లాంటిది) మెత్తి, సరిగ్గా నడుమ పైనుంచి ఒక బర్నర్ దింపా. వెలిగించగానే జెట్ విమానం లేచినట్టు సౌండ్, ఇంకేముంది పని అయిపోయింది అనుకున్నా. లారీ కమాన్ పట్టా ముక్క లోపల పెట్టి పది నిమిషాలాగి తీస్తే నడుమ నాలుగు వేళ్ల మేర పసుపు రంగులో మెరిసిపోతోంది, అటూ ఇటూ మాత్రం నల్లగానే ఉంది. మా బావది వెల్డింగ్ షాపు, ఆయన పక్కన నిలబడి చూసి "గిదేంది బామ్మర్దీ, జొన్నరొట్టె లెక్క నడుమ మాడవెట్టి అంచులు పచ్చిగ ఇడ్సిపెట్టినవ్" అన్నాడు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. వెంటనే బర్నర్ మీద పడ్డా, దాన్ని పీకి ఇంకోటి చేయించా, అదీ అంతే, మళ్ళీ ఇంకోటి. మూడు బర్నర్లయ్యాక అర్థమైంది తప్పు బర్నర్‌లో లేదని. అందుకే కింద చెప్పే వరసలో కొత్త బర్నర్ చేయించడం అసలు లేదు, పైసా ఖర్చు లేని పనులు ముందు వస్తాయి. ఆ వరసలోనే వెళ్ళండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో దేనివల్ల చెడిందో బ్రహ్మకి కూడా తెలీదు.

ఇంకొక్క మాట ముందే చెప్తా, ఇది బుర్రకెక్కితే మిగతా అంతా సులువు. గ్యాస్ కొలిమిలో ఇనుమును కాల్చేది మంట కాదు, ఎక్కువ వంతు కాల్చేది గోడే. మంట పోయి గోడను కాలుస్తుంది, ఎర్రబడ్డ గోడ నాలుగు వైపుల నుంచీ ఇనుముని కాలుస్తుంది. గోడ సమానంగా ఎర్రబడకపోతే మీరు ఎంత మంచి బర్నర్ పెట్టినా ఇనుము సమానంగా కాలదు. కాబట్టి వెలిగించినాక ఇనుముని కాదు, గోడని చూడండి.

పని మొదలుపెట్టే ముందు

సిలిండర్ 19 కేజీల నీలం రంగు కమర్షియల్‌దే వాడండి. ఇంట్లో వంటకి వచ్చే 14.2 కేజీల ఎర్ర సిలిండర్ ఇలాంటి పనులకి వాడటం రూల్ ప్రకారం తప్పు, పైగా దాని రెగ్యులేటర్ ఇచ్చేది 30 మిల్లీబార్ దగ్గర ప్రెషర్, దానితో ఈ రకం కొలిమి నడవదు. హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగ్గ గొట్టం కావాలి. ప్రతి జాయింట్‌కీ సబ్బు నురగ రాసి బుడగ వస్తుందేమో చూడండి, అగ్గిపుల్లతో చూసే మొనగాళ్ళు ఇంకా ఉన్నారు, మీరు ఆ లిస్టులో చేరకండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని పల్లంలో నిలబడుతుంది, అందుకని గుంటల పక్కన, సెల్లార్‌లో ఈ పని వద్దు. రెండు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కావాలి, ఎందుకంటే గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ ఉండదు వాసనా ఉండదు, తలనొప్పి మొదలైందంటే ఆపేసి బయటికి వచ్చేయండి. వెలిగించేటప్పుడు ముందు లోపల కాగితం మండుతుండాలి, తర్వాత గ్యాస్ వదలాలి, ఈ వరస తిరగబడకూడదు, మొహం కొలిమి మూతికి ఎదురుగా ఉండకూడదు.

మొదటి పని: ఖాళీ కొలిమి వెలిగించి గోడ చూడటం

లోపల ఏమీ పెట్టకుండా వెలిగించి 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. సగం కంప్లైంట్లు ఇక్కడే పోతాయి, ఎందుకంటే చాలామంది ఐదు నిమిషాలకే ఇనుము లోపల తోసేస్తారు, అప్పటికి గోడ ఇంకా వేడి తాగుతూనే ఉంటుంది. కింద మామూలు గట్టి ఫైర్ బ్రిక్ పరిచి ఉంటే ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, అది ఏనుగు నీళ్ళు తాగినట్టు వేడి తాగుతుంది.

సాయంత్రం పూట చేయండి, లైట్లు ఆపేసి చూడండి. పట్టపగలు ఎండలో నారింజ రంగు కూడా మసక ఎరుపులాగే కనిపిస్తుంది. ఫోన్‌తో ఫోటో తీసి రంగు పోల్చుకుందాం అనుకుంటారు, ఫోన్ దానంతట అది వెలుతురు సర్దేస్తుంది కాబట్టి రెండు ఫోటోలు రెండు రంగుల్లో వస్తాయి, కంటిని నమ్ముకోండి. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: కనీకనపడని ఎరుపు 600 డిగ్రీల దగ్గర, దానిమ్మ గింజ ఎరుపు 750, 800 మధ్య, నారింజ 950 అటూఇటూ, నిమ్మపండు పసుపు 1100 దాటాక. అయస్కాంతం ఉంటే ఇంకో గుర్తు కూడా ఉంది, ఇనుము 770 దాటితే అయస్కాంతానికి అంటుకోదు.

రెండో పని: పట్టీ టెస్ట్

కొలిమి లోపలి పొడవు ఎంతుందో అంతకన్నా ఒక జానెడు ఎక్కువ పొడవున్న ఫ్లాట్ తీసుకోండి, 25 బై 5 ఎంఎం ఎంఎస్ ఫ్లాట్ చాలు. కాలిన కొలిమిలో అడుగుకి తగలకుండా రెండు ఇటుక ముక్కల మీద పెట్టి మూడు నిమిషాలు ఉంచి, పట్టకారుతో ఒక్కసారిగా లాగి చీకట్లో చూడండి. చూడటానికి మీకు రెండు మూడు సెకన్లే టైమ్, తర్వాత అంచులు చల్లారిపోయి మోసం చేస్తాయి. పక్కనే నేల మీద చాక్‌పీస్‌తో కొలిమి బొమ్మ గీసి పెట్టుకుని ఎక్కడ పసుపు ఎక్కడ ఎరుపు ఎక్కడ నలుపు అని వెంటనే గుర్తు వేసుకోండి. తర్వాత పట్టీని తిరగేసి కింది మొహం కూడా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు ఆ బొమ్మ చూస్తే దాదాపు విషయం చెప్పేస్తుంది. బర్నర్ కింద మాత్రమే పసుపు, రెండు కొసలూ నలుపు అంటే బర్నర్ కోణమో కొలిమి పొడవో తేడా. వెనక బాగుంది, ముందు చల్లగా ఉంది అంటే మూతి పెద్దది. పైమొహం ఎర్రగా ఉండి కింది మొహం నల్లగా ఉంటే అడుగు ఇటుక వేడి తాగేస్తోంది. ఎడమ గోడ తెల్లగా మెరుస్తూ కుడి గోడ మసగ్గా ఉంటే జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న కన్నం) వంకర. మొదట్లో అంతా బాగుండి అరగంటకి అంతా కలిపి మందగిస్తే అసలు కొలిమికి సంబంధమే లేదు, సిలిండర్ చూడండి.

మూడో పని: సిలిండర్, గొట్టం, ఫ్యాన్

సిలిండర్ లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది, అది ఆవిరైతేనే బయటికి వస్తుంది, ఆవిరి కావడానికి సిలిండర్ ఒంట్లోంచే వేడి తీసుకుంటుంది. మనం గట్టిగా లాగుతుంటే సిలిండర్ చల్లబడుతుంది, ముందు బయట చెమట పడుతుంది, తర్వాత కింద తెల్లగా మంచు కడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. మన ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కానీ బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దాకా రావాలి, అందుకని ముందు ప్రొపేన్ ఎక్కువగా పోయి అడుగున బ్యూటేన్ మిగులుతుంది, సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం పొద్దున్నే వెలిగిస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

దీనికి మందు ఏంటంటే సిలిండర్ని ఒక టబ్బులో నిలబెట్టి మామూలు నీళ్ళు జానెడు లోతు పోయండి, చల్లబడితే నీళ్ళు మార్చండి. గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగే నీళ్ళు వద్దు, సిలిండర్ కింద మంట పెట్టడం గురించి ఆలోచనే వద్దు. ఎక్కువసేపు పనుంటే రెండు సిలిండర్లు కలిపి వాడండి, ఆ కనెక్షన్ మాత్రం తెలిసినవాళ్ళ చేత చేయించండి.

గొట్టం ఎక్కడైనా మడత పడిందా, దాని మీద ఇటుక ఉందా, రెగ్యులేటర్ మీటర్ ముల్లు వెలిగించినప్పుడు ఎక్కడుంది, అరగంటకి ఎక్కడుంది చూసుకోండి. సామాన్యంగా ఇలాంటి చిన్న కొలిమికి మీటర్ మీద పావు కేజీ నుంచి ఒక కేజీ (చదరపు సెంటీమీటర్‌కి) ప్రెషర్ మధ్యలో పని జరిగిపోతుంది. ఇంతకు మించి అవసరం పడుతోందంటే వేడి ఎక్కడో కారిపోతోందని అర్థం, ప్రెషర్ పెంచడం జవాబు కాదు.

ఇక ఫ్యాన్ సంగతి. ఎండాకాలం కొలిమి ముందు నిలబడలేక నేను టేబుల్ ఫ్యాన్ పెట్టుకునేవాణ్ని, ఒకరోజు పట్టీకి ఒకవైపే కాలుతోంది, జెట్ విప్పా, తుడిచా, మళ్ళీ బిగించా, రెండు గంటలు తలబాదుకున్నా, చివరికి కరెంట్ పోయింది, ఫ్యాన్ ఆగింది, కొలిమి చక్కగా కాలడం మొదలుపెట్టింది. గాలి దానంతట అది పీల్చుకునే బర్నర్లకి పక్క నుంచి గాలి తగిలితే మిక్చర్ మారిపోతుంది. బ్లోయర్‌తో గాలి ఊదే బర్నర్లకి ఈ గోల తక్కువ.

నాలుగో పని: మంట చదవడం

ఒక పాలు ఎల్‌పీజీ పూర్తిగా కాలాలంటే 25 నుంచి 30 పాళ్ళ గాలి కావాలి. గాలి తక్కువైతే లోపల కాలాల్సిన గ్యాస్ లోపల కాలక మూతి దగ్గరికొచ్చి బయటి గాలి దొరికాక కాలుతుంది, మూతి నుంచి మూరెడు పొడవు నారింజ నాలుక బయటికొస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది, వీడియోలకి బాగుంటుంది, కానీ అదంతా మీ డబ్బు మీ షెడ్డుని వేడి చేయడమే. వెనక భాగం చల్లగా, మూతి దగ్గర వేడిగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. గాలి ఎక్కువైతే మంట పొట్టిగా, బుస్సుమని, గట్టి నీలంగా ఉంటుంది, ఇనుము మీద పెచ్చులు దండిగా లేస్తాయి, బర్నర్ ఎదురుగా మాత్రం గోడ మండిపోతుంది.

చోక్ పలకని, అంటే బర్నర్ గాలి పీల్చే కన్నాన్ని తెరిచి మూసే పలకని, కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ ఒక నిమిషం ఆగి చూడండి. మూతి దగ్గర రెండు మూడు వేళ్ళంత లేత నాలుక మిగిలేలా పెట్టుకుంటే బాగుంటుంది, ఆ కాస్త గ్యాస్ ఎక్కువుండటం ఇనుముకి మంచిదే, పెచ్చులు తగ్గుతాయి. కొత్తగా క్యాస్టబుల్ మెత్తిన కొలిమిలో మొదటి రెండు మూడు సార్లు మంట ఎలా ఉన్నా నారింజ రంగే కనిపిస్తుంది, అది మెత్తిన దాంట్లోంచి వచ్చే రంగు, దాన్ని చూసి చోక్ తిప్పుతూ కూర్చోకండి.

బర్నర్ పైన గాలి పీల్చే కన్నం కొలిమి మూతికి దగ్గరగా ఉంటే మూతిలోంచి వచ్చిన పొగ పైకి లేచి మళ్ళీ అదే కన్నంలోకి పోతుంది, కాలిన గాలినే బర్నర్ తిరిగి పీల్చుకుంటుంది, మంట ఊగుతుంది. మధ్యలో ఒక రేకు అడ్డం పెడితే చాలు, నాది ఒక పాత నూనె డబ్బా రేకు.

బర్నర్ పైపులోపలే టప్ టప్ మని కాలుతుంటే ప్రెషర్ మరీ తక్కువైందనో, పైపు కొస మరీ వేడెక్కిందనో, కొలిమి లోపల గాలి పోయే దారి లేదనో అర్థం. వెంటనే గ్యాస్ ఆపండి, చల్లారాక చూడండి.

ఐదో పని: జెట్ వంకర

చాలామంది మిగ్ వెల్డింగ్ మిషన్లో వైరు బయటికొచ్చే టిప్పునే జెట్‌గా వాడతారు, ముప్పావు ఇంచు పైపు బర్నర్‌కి 0.8 లేదా 0.9 ఎంఎం టిప్పు. ఇది పైపు నడిమధ్యలోకి చూడాలి, వెంట్రుకంత పక్కకి చూసినా మంట ఒక గోడకి వాలిపోతుంది. ఇది కంటితో తెలీదు. మా బావ చూపించిన కిటుకు చెప్తా: మిగ్ వైరు ఒక అడుగున్నర ముక్క తీసుకుని వేళ్ళతో సాగదీసి బాణంలా నిటారుగా చేసి, గొట్టం విప్పేసిన బర్నర్‌లో ఆ టిప్పు గుండా దూర్చండి. అవతలి కొసన వైరు పైపు నడుమ నుంచి బయటికొస్తే జెట్ తిన్నగా ఉన్నట్టు, ఒక అంచుకి ఆనుకుని వస్తే వంకర ఉన్నట్టు. నాది దాదాపు పైపు గోడకి రాసుకుంటూ వచ్చింది. హోల్డర్ స్క్రూలు కొద్దిగా వదులు చేసి, వైరు నడుమకొచ్చేదాకా జరిపి, మళ్ళీ బిగించి, బిగించాక మళ్ళీ ఒకసారి దూర్చి చూశా, ఎందుకంటే బిగించేటప్పుడు కూడా జరుగుతుంది.

ఆ పైపు పొడవు వ్యాసానికి ఎనిమిది తొమ్మిది రెట్లు ఉండాలి, అంటే ముప్పావు ఇంచు పైపుకి 6 నుంచి 7 ఇంచులు. మరీ పొట్టిదైతే గ్యాసూ గాలీ కలవకుండానే లోపలికి పడిపోతాయి, మంట చారలు చారలుగా ఉంటుంది. పైపు లోపల బర్ర (కోసినచోట మిగిలే గరుకు అంచు) ఉంటే ఫైల్‌తో గీకేయండి. కొన్నాళ్ళు వాడకుండా పెట్టిన బర్నర్ అయితే లోపల సాలీడు గూడో కందిరీగ కట్టిన మట్టిగూడో ఉండటం మామూలే, ముందు అది చూడండి. జీఐ (జింక్ పూత వేసిన) పైపు మంటకి దగ్గర్లో వాడొద్దు, జింక్ పొగ పీల్చితే రాత్రికి జ్వరం పట్టుకుంటుంది, నల్ల పైపే వాడండి.

ఆరో పని: బర్నర్ ఎక్కడ కూర్చుంది, ఎటు చూస్తోంది

బర్నర్ కొస కొలిమి లోపలికి పొడుచుకు రాకూడదు, లోపలి గోడ కన్నా అర ఇంచు వెనకే ఉండాలి. లోపలికొస్తే కొస కాలిపోతుంది, పైపు వేడెక్కి మంట వెనక్కి పాకుతుంది. నిలువుగా కింద అడుగుని కొట్టేలా ఉంటే అక్కడ ఒక్కచోటే మండి మిగతాది బీడు పడుతుంది. గుండ్రటి కొలిమికి మంట గోడని రాసుకుంటూ పోయేలా పక్కకి వంచి పెడితే లోపల సుడి తిరుగుతుంది, మంట చాలాసేపు లోపల తిరిగి వేడంతా గోడకి ఇచ్చి తర్వాతే బయటికి పోతుంది. ఇది కొత్తగా చేసుకునేవాళ్ళకి సులువు, ఉన్న కొలిమికి కొత్త కన్నం పెట్టాలి, పాతది మూయాలి, అందుకని ఇది ఆఖర్లో ఆలోచించండి.

ఏడో పని: మూతి, వెనక కిటికీ, పొడవు

నా కొలిమి అసలు జబ్బు ఇక్కడే దొరికింది. లోపలి వ్యాసం 5 ఇంచులు, పొడవు 16 ఇంచులు, లెక్కేస్తే 5 లీటర్ల చిల్లర వస్తుంది. ముప్పావు ఇంచు బర్నర్ ఒకటి సుమారు ఐదున్నర లీటర్ల కొలిమిని లాగుతుందని చేసేవాళ్ళు చెప్పే లెక్క, దాని ప్రకారం సరిపోవాలి. కానీ ఆ ఐదు లీటర్లు ముద్దగా లేవు, గొట్టంలా సాగి ఉన్నాయి, నడుమ ఉన్న ఒక్క బర్నర్ 8 ఇంచుల అవతల ఉన్న కొసలకి ఏం చేస్తుంది? పైగా రెండు కొసలూ బార్లా తెరిచి ఉన్నాయి, పూరి గుడిసెకి తలుపుల్లేనట్టు.

పెద్ద ఖర్చేం లేదు, రెండు తేలిక ఇన్సులేషన్ ఇటుకలు తెచ్చి వెనక వైపు లోపలికి తోశా, 16 ఇంచుల కొలిమి 10 ఇంచులైంది. ముందు వైపు ఇటుకలతో మూతిని రెండు ఇంచుల ఎత్తు, మూడు ఇంచుల వెడల్పు చేశా. అంతే, అదే బర్నర్, అదే జెట్, అదే ప్రెషర్, గోడ నాలుగు వైపులా నారింజ రంగులోకి వచ్చేసింది. చేతి పనికి అంత పొడవు కొలిమి ఎందుకో కూడా ఆలోచించుకోండి, ఒక్క కాపుకి, అంటే ఒకసారి కాల్చి తీస్తే, మీరు సుత్తితో కొట్టగలిగేది నాలుగైదు ఇంచులే, ఈలోపు మిగతాది చల్లారిపోతుంది, కొట్టని భాగాన్ని కాల్చడం ఇనుముకీ మంచిది కాదు, గ్యాస్‌కీ దండగ.

మూసేటప్పుడు ఒక జాగ్రత్త. మొత్తం బిగించేస్తే కాలిన గాలికి దారి లేక లోపల ప్రెషర్ పెరిగి బర్నర్ గాలి పీల్చలేదు, సౌండ్ మెత్తబడుతుంది, ప్రతి సందులోంచీ నారింజ మంట వస్తుంది. అందుకే ముందు ఇటుకని మూతికి అంటించకుండా ముప్పావు ఇంచు దూరంలో నిలబెట్టండి, గాలి పక్కల నుంచి పోతుంది, వేడి మాత్రం ఇటుకకి తగిలి లోపలికే తిరుగుతుంది. ఇటుకని పట్టకారుతో అరంగుళం అటూ ఇటూ జరుపుతూ చెవి పెట్టి వినండి, బర్నర్ సౌండ్ ఎక్కడ నిండుగా ఉంటుందో అక్కడ ఆపండి.

ఎనిమిదో పని: లోపలి పొర

ఇది పూర్తిగా చల్లారాకే. సిరామిక్ ఊల్ పైనుంచి జారి పొట్టలా వేలాడుతోందా, క్యాస్టబుల్ పగిలి ఊల్ బయటపడిందా, వెలిగించి ఉన్నప్పుడు బయటి పైపు ఒకచోట మాత్రం రంగు మాడిపోయిందా చూడండి, ఆ మాడినచోట లోపల పొర పోయినట్టే. వెలిగారం వాడి కొలిమిలోనే ఇనుము ముక్కలు అతికే వెల్డింగ్ కాపు పెట్టేవాళ్ళకి అడుగు తొందరగా పోతుంది, కరిగిన వెలిగారం ఊల్‌ని నీళ్ళు తగిలిన పీచుమిఠాయిలా తినేస్తుంది.

వెంట్రుక పగుళ్ళని వదిలేయండి, అవి ఎలాగూ వస్తాయి. రూపాయి బిళ్ళ దూరేంత పగులుంటే ఊల్ ముక్కని కొలాయిడల్ సిలికాలో (ఊల్‌ని గట్టిపరిచే ద్రవం) తడిపి దోపి, పైన క్యాస్టబుల్ మెత్తండి. ముట్టుకునే ముందు మంచి మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ మాస్కు కాదు, ఒకసారి కాలిన సిరామిక్ ఊల్ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, స్ప్రే బాటిల్‌తో తడిపి తీయండి, పొడిగా చీపురు పెట్టొద్దు. ఈ సామాన్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగి చూడండి.

మెత్తాక తొందరపడొద్దు. ఒక రోజంతా ఆరనిచ్చి, లోపల 100 వాట్ల బల్బు ఇంకో రోజు వెలిగించి ఉంచి, తర్వాత రెండు నిమిషాలు మంట, ఆపడం, ఐదు నిమిషాలు మంట, ఆపడం అలా పెంచండి. లోపల తడి ఆవిరై పగిలితే ముక్కలు ఎగిరి మొహం మీదికి వస్తాయి.

అడుగు నల్లగా ఉండే జబ్బుకి బరువైన ఇటుక తీసేసి, ఊల్ మీద సెరామిక్ సామాన్లు కాల్చే బట్టీల్లో వాడే పల్చటి పలక పరవడమే మంచి మార్గం. అది దొరక్కపోతే ఇనుముని ఎప్పుడూ రెండు ఇటుక ముక్కల మీద లేపి పెట్టండి, కింద నుంచి కూడా వేడి తగులుతుంది.

రెండు బర్నర్లు ఉన్నవాళ్ళకి

ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా మండుతుంటే ముందు జెట్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. నీరసం జెట్‌తో పాటు అటు పోతే జెట్ తప్పు, అక్కడే ఉంటే పైపు తప్పు. గ్యాస్ పైపు ఒక కొస నుంచి రాకుండా నడుమ నుంచి వచ్చి రెండు వైపులా చీలితే రెండింటికీ సమానంగా అందుతుంది.

ఇనుము పెట్టే పద్ధతి

కొలిమి బాగున్నా మనం పెట్టే తీరు బాగోకపోతే అదే గోల. కత్తి మొన పల్చన, మొదలు మందం, రెండూ ఒకేసారి లోపల పెడితే మందం ఎర్రబడేలోపు మొన నిప్పురవ్వలు కక్కుతుంది. మందంగా ఉన్నవైపు ముందు కాల్చండి, మొనని బర్నర్ దాటించి చల్లటి వైపు ఉంచండి, తిప్పుతూ, లాగుతూ, తోస్తూ ఉండండి.

నీరు పెట్టేటప్పుడు, అంటే గట్టిపరిచేటప్పుడు మాత్రం సమానంగా కాలడం తప్పనిసరి. అప్పుడు 40 బై 40 నల్ల స్క్వేర్ పైపు లోపల పెట్టి కత్తిని దాంట్లో ఉంచండి, మంట నేరుగా తగలదు, పైపు గోడ నుంచి నిదానంగా కాలుతుంది. పైపు రెండు కొసలూ మూయొద్దు. కమాన్ పట్టాకి 850 అటూఇటూ చాలు, అయస్కాంతం వదిలేశాక ఇంకొంచెం. కే టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉంటే మొనని మంటలో కాకుండా ఆ పైపులో కత్తి పక్కన పెట్టండి.

ఆపేటప్పుడు సిలిండర్ దగ్గర వాల్వు మూసి, గొట్టంలో మిగిలింది కాలిపోయాక, చోక్ కూడా మూసేయండి, లేకపోతే లోపలి వేడి బర్నర్ పైపులోంచి పొగ గొట్టంలా పైకి వచ్చి గొట్టాన్ని కరిగిస్తుంది.

అన్నీ కుదిరిన రోజు ఆ లెక్క ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నేను కొలిమి స్టాండు కాలికి పెయింట్‌తో రాశా: ప్రెషర్ 0.4, చోక్ సగం, ముందు ఇటుక ముప్పావు ఇంచు, 15 నిమిషాలు ఆగాలి. దాని కింద మా బావ ఇంకో లైన్ రాశాడు: ఫ్యాన్ బంద్.